పెట్టె ముక్కు మీద గంధం బొట్టు

మా ఇంజనీరింగ్ కాలేజీ మొదటి అంతస్తు వరండాలో, ప్రిన్సిపాల్ గారి గది పక్కన ఒక ఫోటో వేలాడుతూ ఉండేది. అందులో నేను తెల్ల చొక్కా వేసుకుని, ఉప్పాడలో ఒక ఇంటి గోడకు బిగించిన తెల్లటి పెట్టె పక్కన నిలబడి, వాతావరణ శాస్త్రాన్నంతా ఒంటి చేత్తో మోస్తున్నట్టు నవ్వుతూ ఉంటాను. పెట్టెకు బంతిపూల దండ, నుదుట బొట్టు ఉంటాయి. ఫోటో అంచున, సగం తెగిపోయి, ఒక ముసలాయన భుజం, ఒక చెవి కనిపిస్తాయి. ఫ్రేము కట్టించేటప్పుడు ఆయన్ని కత్తిరించమన్నది నేనే.

ఒక తప్పుకు కావలసిన సాక్ష్యమంతా ఆ ఫోటోలో ఉంది. తప్పు చేసినవాడు మధ్యలో నవ్వుతున్నాడు. ఆ తప్పు మోసినవాడి చెవి మాత్రం మిగిలింది. ఆరేళ్ళుగా రోజూ దాని పక్కనుంచే క్లాసుకు వెళ్ళాను. ఎవరూ ఏమీ అడగలేదు. ఇంజనీరింగ్ కాలేజీలో గోడమీద ఫోటోను ఎవరూ చూడరన్న ధైర్యం నాకు పుష్కలంగా ఉండేది.

పరికరం సంగతి ముందు చెప్పాలి. నేను ఎలక్ట్రానిక్స్ మాస్టారిని. పిల్లల చేత ఏటేటా అవే ట్రాఫిక్ లైట్లు, అవే నీళ్ళ ట్యాంకు అలారాలు చేయించి విసుగొచ్చి, ఒక వేసవిలో వాతావరణం మీద పడ్డాను. పెద్ద తుఫాను వస్తే ప్రభుత్వం వాళ్ళు ఎలాగూ చెప్తారు. ఉన్నట్టుండి లేచే చిన్న గాలివానల గురించి జాలర్లకు చెప్పేవాళ్ళు లేరని, ఆ లోటు తీర్చడానికే నేను పుట్టానని నాకు అనిపించింది. చెప్పేవాళ్ళు ఉప్పాడలో తరాలుగా ఉన్నారన్న విషయం నేను చదివిన పరిశోధన పత్రాల్లో లేదు.

ఉష్ణోగ్రత కొలిచే సెన్సారుకు ఎండ నేరుగా తగలకూడదు. దానికి రెక్కలు రెక్కలుగా ఉండే తెల్లటి గొడుగు కావాలి. మేం కడియం వెళ్ళి, నర్సరీల్లో పూలకుండీల కింద పెట్టే ప్లాస్టిక్ పళ్ళేలు తెచ్చి, బోర్లించి, ఒకదాని మీద ఒకటి పేర్చి బోల్టులు బిగించాం. మొత్తం పరికరంలో చివరిదాకా సరిగ్గా పనిచేసినవి ఆ పళ్ళేలే. వాటిని తయారు చేసింది నేను కాదు కదా.

అసలు ప్రాణం కింది పెట్టెలో ఉండేది. గాలి పీడనం కొలిచే చిప్పు, చిటికెన వేలి గోరులో సగం. గాలివాన దగ్గర పడుతుంటే పీడనం పడిపోతుంది. గబగబా పడిపోతుంటే ఎర్ర దీపం, లేకపోతే పచ్చ దీపం. మొదటి పెట్టెను ఉప్పుగాలి మూడు వారాల్లో తినేసింది. రాగి తీగలు నాచు పట్టినట్టు పచ్చబడిపోయాయి. అందుకని రెండో పెట్టెను అన్ని వైపులా మూసేసి, లోపలి బోర్డుల మీద తేమ తగలకుండా లాకర్ అనే వార్నిష్ పూసి, ముందు వైపు రెండు దీపాలకూ మధ్యన గుండుసూది దూరేంత కన్నం ఒక్కటి వదిలాను. ఆ కన్నం లోంచే బయటి గాలి లోపలికి వెళ్ళాలి. అది మూసుకుపోతే బయట ఏం జరుగుతోందో పెట్టెకు తెలియదు. తన లోపలి గాలినే తాను కొలుచుకుంటూ, అంతా బాగుందనుకుంటూ కూర్చుంటుంది. ఈ జబ్బు పెట్టెలకే పరిమితం కాదు.

ఉప్పాడలో దీన్ని ఎవరి గోడకు బిగించాలని అడిగితే అందరూ ఒకే ఇల్లు చూపించారు. సముద్రానికి ముందు వరసలో ఇల్లు. ఆ ఇంటి పెద్దాయనకు అరవై దాటాయి. తెల్లవారగానే ఒడ్డున కాసేపు నిలబడి, తర్వాత వెళ్ళొచ్చనో వద్దనో చెప్పేవాడు. బోట్లు ఆ మాట విని కదిలేవి. ఆయనకు ఊళ్ళో ఏ పదవీ లేదు. ఆ మాటే ఆయన పదవి.

పెట్టె బిగించిన రోజు ఆయన దాని ముందు నిలబడి చాలాసేపు చూశాడు.

"ఇదేంటండి మాస్టారూ, ఒక కన్ను పచ్చ, ఒక కన్ను ఎరుపు?"

"పచ్చది వెలిగితే వేటకి వెళ్ళొచ్చు. ఎర్రది వెలిగితే ఆగాలి."

"మరి మధ్యలో ఈ కన్నం?"

"అది దాని ముక్కు. దాంతోనే గాలి పీలుస్తుంది."

"బాగుందండి. నేనూ ముక్కుతోనే చూస్తానండి గాల్ని."

ఎండుచేపలు తిరగేస్తున్న ఆయన భార్య తల ఎత్తకుండానే అంది: "ఇంకేం, కొత్త ముక్కొచ్చింది. ఇంక నువ్వు దుప్పటి కప్పుకుని పడుకో."

అందరం నవ్వాం. ఆయన అందరికంటే ఎక్కువ నవ్వాడు.

తర్వాత దసరా వచ్చింది. మా వైపు ఆయుధపూజ నాడు పనిముట్టు కంటబడితే బొట్టు పెట్టకుండా వదలరు. లారీకి పెడతారు, వరికోత మిషనుకు పెడతారు, రొయ్యల చెరువులో నీళ్ళు చిలికే యంత్రానికి పెడతారు. మా ల్యాబులో ఓసిల్లోస్కోపు తెరకు నేనే పెట్టేవాణ్ణి. ఆ తర్వాత నెలరోజులు ప్రతి తరంగమూ కుంకుమ వెనకనుంచి దూరి బయటికి వచ్చేది. దేవుడి మీద నాకు పెద్ద భక్తి ఉందని కాదు. బొట్టు పెట్టకపోతే ఏమవుతుందో అన్న భయం మాత్రం పీహెచ్‌డీ చేసినా పోలేదు.

ఆ ఏడు ప్రిన్సిపాల్ గారు, "ల్యాబులో పూజ అందరూ చేస్తారండి. మీరు ఉప్పాడ వెళ్ళి ఆ పెట్టెకు చెయ్యండి. ఫోటో బాగుంటుంది," అన్నారు. వెళ్ళాను. దండ వేశాను, కొబ్బరికాయ కొట్టాను. గంధం గిన్నె తీసుకుని పెట్టె వైపు చూస్తే రెండు కళ్ళు, వాటి మధ్యన కన్నం. బొట్టు పెట్టడానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడుంటుంది? బొటనవేలితో అద్ది, దాని మీద కుంకుమ పెట్టాను. ఫోటోకి అందరూ సర్దుకుని నిలబడేలోగా గాలికి గంధం ఎండి పెచ్చులు లేస్తోంది. నా సంచిలో లాకర్ సీసా ఉంది. ఒక్క చుక్క వేశాను. బొట్టు నిగనిగలాడింది, గట్టిపడింది.

నా పరికరం ముక్కు నేనే మూశాను. నా చేత్తో, నేనే కనిపెట్టిన పద్ధతిలో, చాలా పటిష్ఠంగా.

అక్కడున్న వాళ్ళలో ఒక్కరే అది గమనించారు.

"మాస్టారూ, బొట్టు దాని ముక్కు మీద పెట్టారేంటండి?" అన్నాడు పెద్దాయన. భుజం మీది తువ్వాలు తీసి తుడవబోయాడు కూడా. ఫోటో పడింది సరిగ్గా అప్పుడే.

పక్కనే ఫోటోగ్రాఫరు, ప్రిన్సిపాల్ గారు పంపిన మరో ఇద్దరు లెక్చరర్లు. చదువురాని మనిషి నా పరికరం గురించి నాకు చెప్పడమేంటని అనిపించింది.

"చెయ్యి పెట్టొద్దండీ! లోపల ఏమైనా అయితే మీదే బాధ్యత. ఇకమీదట దాన్ని మీరు ముట్టుకోవద్దు, ఎవరినీ ముట్టుకోనివ్వొద్దు."

"సరేనండి," అని తువ్వాలు మళ్ళీ భుజం మీద వేసుకున్నాడు. ఆ మాటకు ఆయన కట్టుబడ్డాడు. ఈ కథలో ఇచ్చిన మాటకు కట్టుబడిన మనిషి ఆయనొక్కడే.

వారం తిరక్కుండా ఫోన్ చేశాడు. "మాస్టారూ, పొద్దుటిపూట పచ్చగా ఉంటందండి. సాయంత్రం అయ్యేసరికి ఎర్రగా అయిపోతంది. గాలి చూస్తే మామూలుగానే ఉంది. దీనికేమన్నా జొరమేమోనండి."

"తీరంలో అలాగే ఉంటుందండీ. అదంతా మీకు అర్థం కాదు," అన్నాను.

నాకు మాత్రం అర్థమైందనుకున్నాను. ఫోన్ పెట్టేసి, పెట్టె పంపిన ఆ వారం అంకెలతో గ్రాఫు గీశాను. మధ్యాహ్నానికి మూపురంలా లేచి, సాయంత్రానికి వంగే అందమైన గీత. ఇది తీరప్రాంతంలో ఇంతవరకూ ఎవరూ పట్టుకోని రోజువారీ పీడన మార్పు అని ఒక సదస్సులో చదివాను. చప్పట్లు కొట్టారు. నిజానికి అది ఎండకు వేడెక్కి సాయంత్రానికి చల్లారే మూసిన డబ్బా. మూత బిగించిన టిఫిన్ బాక్సును డాబా మీద పెట్టినా అదే ఆవిష్కరణ జరుగుతుంది.

ఇంక ఆ రోజు సంగతి. పైనుంచి పెద్ద హెచ్చరికలేవీ లేవు. పెద్దాయన ఒడ్డున నిలబడి వద్దన్నాడు. ఆయన అల్లుడికి సొంత బోటు ఉంది. ఇంటర్ దాకా చదివాడు, పెట్టె మీద నమ్మకం కలవాడు. మామా అల్లుళ్ళ వాదన తేలేసరికి ఎండెక్కింది. ఎండెక్కితే పెట్టె వేడెక్కింది. వేడెక్కితే పచ్చ దీపం ఏ అనుమానమూ లేకుండా వెలిగింది. అల్లుడు నాకు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, మా మావ వద్దంటన్నాడండి. అల పొడుగ్గా వస్తంది, అలకీ అలకీ మధ్య సందు పెరిగింది అంటాడు. పెట్టె చూస్తే పచ్చగా ఉంది. ఏం చెయ్యమంటారండి?"

వెనకనుంచి పెద్దాయన గొంతు స్పష్టంగా వినిపించింది. "దాని ముక్కు మూసుకుపోయింది అల్లుడూ! దాన్నడుగుతావేంటి!"

ఆ మాట విన్నాను. విన్నానని ఆరేళ్ళు ఎవరికీ చెప్పలేదు.

నా ముందు పెసరట్టు చల్లారిపోతోంది. "మిషను అబద్ధం చెప్పదు. మనుషులే చెప్తారు," అన్నాను. ఆ వాక్యం నాకెంత నచ్చిందంటే, అదే రోజు సెకండియర్ క్లాసులో మళ్ళీ వాడాను. నేనా మాట చెప్తున్న సమయానికే బహుశా అక్కడ గాలి లేచి ఉంటుంది.

రెండు బోట్లు తిరగబడ్డాయి. ఒడ్డు దగ్గర్లోనే కాబట్టి ప్రాణాలు దక్కాయి. వలలు పోయాయి. అల్లుడి కాలు బోటు అంచు కింద నలిగి రెండు చోట్ల విరిగింది.

మర్నాడు వెళ్ళాను. గోడ దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. లాప్‌టాప్ తగిలించి, పెట్టె ముందు వంగాను. బొట్టు అలాగే ఉంది, నిగనిగలాడుతూ. గుండుసూదితో గుచ్చాను. లాకర్ పెచ్చు, గంధం, కుంకుమ ఒకే బిళ్ళగా ఊడి నా అరచేతిలో పడ్డాయి. తెర మీద అంకె ఒక్కసారి దూకి, ఉండవలసిన చోటికి వెళ్ళి కూర్చుంది. పెట్టె ఊపిరి పీల్చుకుంది. 

పెద్దాయన దూరంగా తన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్నే చూస్తున్నాడు. 

పక్కకు వెళ్ళి ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి, "సార్, మన పొరపాటే అయ్యుండొచ్చు," అన్నాను. "అయ్యుండొచ్చు అనే మాట శాస్త్రంలో లేదండి," అన్నారాయన. శాస్త్రంలో ఉన్నవన్నీ అయ్యుండొచ్చులేనని నేను బీటెక్ మొదటి ఏడాదిలో చెప్తాను. అప్పుడు గుర్తు రాలేదు.

బిళ్ళను జేబులో వేసుకుని జనం వైపు తిరిగాను. "ఎవరో దీని మీద చెయ్యి పెట్టారు," అన్నాను.

పేరు చెప్పలేదు. ఆ తెలివి నాకుంది. పెట్టె ఉన్నది ఆయన గోడకు. వేటకి వద్దన్నది ఆయన. పెట్టె తన మాటకు ఎదురు చెప్పింది. మిగిలిన లెక్క జనమే వేసుకున్నారు. ఇకమీదట ఎవరూ ముట్టుకోకుండా మైకులో కూడా ఒక ముక్క చెప్పమన్నారు ఊరి పెద్దలు. రామాలయం మైకు పట్టుకుని, "నమ్మి అప్పగించిన వస్తువును ముట్టుకోవద్దని చెప్పినా వినకపోతే ఇలాగే ఉంటుంది," అని ఊరంతటికీ వినపడేలా చెప్పి, కాకినాడ బస్సెక్కాను.

ఆ తర్వాత ఒడ్డున ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదట. "మిషను ముక్కు గొప్పదైపోయిందని కుళ్ళా?" అని కుర్రాళ్ళు మొహం మీదే అనేవారట. అల్లుడు ఆ గుమ్మం తొక్కడం మానేశాడు. కూతురు ఒక్కతే వచ్చి, కూర్చోకుండానే వెళ్ళిపోయేదట. ఇవన్నీ నాకు అప్పుడే తెలుసు. తెలియనట్టు ఉండటం కూడా ఒక నైపుణ్యమే. దానికి మాత్రం ఇంక్రిమెంటు ఇవ్వరు.

మిగతా వాటికి ఇచ్చారు. పరికరం ఎందుకు విఫలమైందో నేను ఇంగ్లీషులో ఒక పత్రం రాశాను. అందులో "స్థానికుల జోక్యం" అని ఒక విభాగం ఉంది. ఆయన గురించి పూర్తి రెండు పేరాలు. దాంతో అసోసియేట్ ప్రొఫెసర్ అయ్యాను. ఆ పెట్టెను మళ్ళీ ఎవరూ నమ్మలేదు, నాతో సహా. మూడేళ్ళ కిందట సముద్రం ముందుకొచ్చి ముందు వరస ఇళ్ళు తీసుకుపోయినప్పుడు ఆ గోడ, పెట్టె, కడియం పళ్ళేలు అన్నీ వెళ్ళిపోయాయి. సాక్ష్యం సముద్రంలో కలిసిందని నేను దిగులు పడ్డట్టు నటించాను. గంధం బిళ్ళ మాత్రం నా సొరుగులో, ఒక స్క్రూల డబ్బాలో ఉంది. ఎందుకు పారేయలేదో నాకు తెలియదు.

ఈ ఏడాది మా కాలేజీలో "వైఫల్యాల నుంచి పాఠాలు" అని ఒక ఉపన్యాసం పెట్టి నన్ను మాట్లాడమన్నారు. వైఫల్యం విషయంలో నాకంటే సీనియర్ ఎవరూ లేరు. ఆ ఫోటోను తెర మీద గోడంత పెద్దదిగా వేసి, స్థానికుల జోక్యం గురించి చెప్తున్నాను. మూడో వరసలోంచి ఒక అమ్మాయి లేచింది.

"సార్, బొట్టు ఉన్నచోటే కదా సార్ ఎయిర్ హోల్? ఇందాక బొమ్మలో అక్కడే చూపించారు."

హాలంతా ఫోటో వైపు చూసింది. నేనూ చూశాను. ఆరేళ్ళలో మొదటిసారి చూశాను అనడం అబద్ధం. మొదటిసారి అందరితో కలిసి చూశాను.

"మంచి ప్రశ్న," అని తర్వాతి స్లైడుకు వెళ్ళాను. తర్వాతి స్లైడు మీద "ధన్యవాదాలు" అని ఉంది.

ఆ ఆదివారం ఉప్పాడ వెళ్ళాను. వెనక వరసలో రేకుల ఇల్లు. ఆయన భార్యే ముందు గుర్తుపట్టింది.

"ఏమయ్యా, పెట్టె మాస్టారొచ్చారు. నీ దగ్గరింకేదన్నా బొట్టు పెట్టేది ఉందేమో చూసుకో."

ఆయన వల అల్లుతున్నాడు. ఆపలేదు. నేను స్క్రూల డబ్బా తెరిచి బిళ్ళను ఆయన ముందు పెట్టి, మొత్తం చెప్పాను. ఆయన ఆ బిళ్ళను వేలితో ఒకసారి తిప్పి చూశాడు.

"ఇది నాకెందుకండి చెప్తారు? నేను ముట్టుకోలేదని నాకు తెలుసు కదండి."

"మీకు క్షమాపణ..."

"నాకు చెవిలో చెప్తే ఏమొస్తదండి. ఆ రోజు మైకులో చెప్పారు. ఇదీ మైకులో చెప్పండి."

"అందరూ వింటారు కదండీ," అన్నాను. ఈ మాట నోట్లోంచి వచ్చాక దాని అర్థం నాకు తెలిసింది.

"ఆ రోజూ అందరూ విన్నారండి," అందావిడ.

రామాలయం మైకు మారలేదు. అదే గరగర. నేను చేసింది చేసినట్టు చెప్పాను. బొట్టు పెట్టింది నేను, లాకర్ వేసింది నేను, తుడవబోతే ఆపింది నేను. ఫోన్లో ఆయన హెచ్చరిక విని కూడా వెళ్ళమన్నది నేను. ఆయన ఆ పెట్టెను ఏనాడూ ముట్టుకోలేదు. సదస్సుల్లో గంటలు గంటలు మాట్లాడినవాణ్ణి, నాలుగు నిమిషాల్లో ముగించేశాను. మైకు కట్టేయగానే ఎక్కడో ఒక ఇంట్లోంచి ఆడగొంతు గట్టిగా అరిచింది: "అయితే రేషను బండి ఇయ్యాళ రాదాండీ?"

ఊరు కదిలిపోతుందని కాబోలు అనుకున్నాను. ఊరికి ఆదివారం చాలా పనులుంటాయి. ఇద్దరు ముగ్గురు గుమ్మాల్లోంచి నన్ను చూసి లోపలికి వెళ్ళారు. ఒకడు మాత్రం, "ఆరేళ్ళు పట్టిందా మాస్టారూ? చాలా ఫాస్టండి మీరు," అని సైకిలెక్కి పోయాడు.

నా సంచి వాళ్ళింట్లో ఉండిపోయింది. తీసుకుందామని తిరిగి వెళ్ళి, చూరు కింద కూర్చున్నాను. ఆవిడ టీ పెడుతోంది. ఇంతలో ఒక మనిషి కాలు కొంచెం ఈడుస్తూ వచ్చి, ఇంటి ముందు, గుమ్మానికి నాలుగడుగుల దూరంలో ఆగాడు. అల్లుడు. నా వైపు ఒకసారి చూశాడు. ఆ చూపుకు నేను అర్హుణ్ణే. తర్వాత సముద్రం వైపు చూస్తూ అడిగాడు.

"రేపు గాలెలా ఉంటది మావా?"

పెద్దాయన వల మీంచి తల ఎత్తలేదు. "పెట్టెనడుగు."

"పెట్టెని సముద్రం పట్టుకుపోయింది కదా."

"అయితే దాన్నే అడుగు. దాని దగ్గరే ఉంది."

అల్లుడు కదల్లేదు. పెద్దాయన ఇంకో రెండు ముడులు వేశాడు. లోపలినుంచి ఆవిడ గ్లాసులు పట్టుకొచ్చి, ఒకటి భర్త ముందు, ఒకటి గుమ్మం పక్కన ఖాళీ అరుగు మీద, ఒకటి నా ముందు పెట్టింది. అరుగు మీది గ్లాసు కాసేపు అలాగే పొగలు కక్కింది.

"తెల్లారి ఒడ్డుకి రా, చూసి చెప్తాను," అన్నాడు పెద్దాయన. "ఇప్పుడు ముందు కూర్చో. ఆ కాలేసుకుని ఎంతసేపు నిలబడతావు."

కాలేజీకి వచ్చాక ఆ పత్రం అచ్చువేసిన వాళ్ళకు తప్పు దిద్దమని మెయిల్ రాశాను. మీ సందేశం మాకు ముఖ్యం అని యంత్రం జవాబిచ్చింది. వరండాలో ఫోటో మాత్రం నేనే దింపేశాను. కత్తిరించిన ముక్క స్టూడియో వాళ్ళ దగ్గర దొరకలేదు. పాత ఫైలు దొరికితే పూర్తి ఫోటో వేయిస్తామన్నారు. అందులో ఆయన పెట్టె ముక్కు వైపే చూస్తున్నాడని, చేతిలో తువ్వాలు ఉందని నాకు గుర్తు.